మొర నుంచి నిబ్బరానికి

తాండవ నదికి అటు తుని, ఇటు పాయకరావుపేట. కెనడా బాప్టిస్టు మిషనరీలు 1878లో తునిలో కేంద్రం తెరిచారు. ఈ ప్రాంతపు తెలుగు క్రైస్తవ ప్రార్థన వెనక అంత చరిత్ర ఉంది. ఇంట్లో మనిషి మంచాన పడ్డా, వేటకెళ్లిన పడవ వేళకు తిరిగి రాకపోయినా, అప్పులవాళ్లు గుమ్మంలో నిలబడ్డా సంఘంవాళ్లు ఆ ఇంటికి వెళ్లి కూడిక పెట్టుకోవడం విశ్వాసుల ఆనవాయితీ. వీధిలో వెళ్లేవారికి పాటలు, ఏడుపులు, ఆమేన్‌లు వినిపిస్తాయి. లోపల కూర్చుని గమనిస్తే మాత్రం అదంతా ఎంతో నేర్పుతో అమరిన కూర్పు అని తెలుస్తుంది. ఏది ముందు, ఏది తర్వాత, ఎవరి గొంతు ఎక్కడ అన్న అమరికలోంచే కష్టంలో ఉన్న మనిషికి ఆశ కలుగుతుంది.

ఆ అమరికకు పాత నమూనా బైబిల్లోని కీర్తనల గ్రంథంలో ఉంది. 150 కీర్తనల్లో మొరపెట్టుకునేవే ఎక్కువ. కూర్పు కళ్లకు కట్టినట్టు కనిపించేది 13వ కీర్తన. ఉన్నవి ఆరే వచనాలు. మొదటి రెండు వచనాల్లో ‘ఇంకెంతకాలం’ అన్న ప్రశ్న నాలుగుసార్లు వస్తుంది. మొదటి రెండుసార్లు దేవుణ్ణే నిలదీస్తాడు కవి: నన్ను మరిచిపోయావా, ముఖం చాటేశావా అని. మూడోసారి తన లోపలి దిగులు గురించి, నాలుగోసారి పైచేయి సాధించిన శత్రువు గురించి అడుగుతాడు. బాధకున్న మూడు ముఖాలూ అక్కడికి బయటపడ్డాయి. తర్వాతి రెండు వచనాలు విన్నపం: నావైపు చూడు, జవాబియ్యి, కళ్లకు వెలుగియ్యి. ముందు అడిగిన ప్రశ్నలకు ఇవి సరిగ్గా జతపడతాయి. ముఖం చాటేసినవాణ్ణి చూడమంటున్నాడు, మౌనంగా ఉన్నవాణ్ణి పలకమంటున్నాడు. చివరి రెండు వచనాల్లో నమ్మకం, సంతోషం, పాట.

నాలుగో వచనానికీ ఐదో వచనానికీ మధ్య బయట ఏదీ మారలేదు. శత్రువు ఓడినట్టు గాని, జబ్బు నయమైనట్టు గాని ఒక్క మాటా లేదు. అయినా మనిషి నిలబడ్డాడు. దాచుకోకుండా అంతా చెప్పుకున్నాడు, ఏం కావాలో తేల్చి అడిగాడు, తాను ఎవరితో మాట్లాడుతున్నాడో ఆ మాటల్లోనే గుర్తుచేసుకున్నాడు. ఏడ్వనివ్వకుండా ధైర్యం చెబితే అది మనసుకెక్కదన్న సంగతి ఈ కవికి బాగా తెలుసు.

ఇదే పనితనం పెద్ద కొలతలో చూడాలంటే విలాపవాక్యములు తెరవాలి. క్రీ.పూ. 586 ప్రాంతంలో యెరూషలేము కూలిపోయినప్పటి దుఃఖం అది. అధ్యాయాలు ఐదు. హెబ్రీ అక్షరాలు 22. మొదటి రెండు అధ్యాయాల్లోనూ నాలుగోదానిలోనూ ఒక్కో అక్షరంతో ఒక్కో వచనం మొదలవుతుంది. నడిమి అధ్యాయంలో ఒక్కో అక్షరానికి మూడేసి చొప్పున 66 వచనాలు. మన కవులు వర్ణమాల వరసలో పద్యాలు కట్టినట్టే, ఆ కవీ తుదీ మొదలూ లేని దుఃఖానికి అక్షరాలతో ఒక మొదలూ ఒక చివరా ఏర్పరిచాడు. ఆశ పలికే మాటలు సరిగ్గా ఆ నడిమి అధ్యాయంలోనే, 21వ వచనం దగ్గర వస్తాయి. దానికి ముందూ వెనకా కన్నీళ్లే. ఐదో అధ్యాయంలోనూ 22 వచనాలే ఉన్నా అక్షరక్రమం తప్పింది. పుస్తకం ముగిసినా దుఃఖం ముగియలేదని ఒప్పుకునే నిజాయితీ అందులో కనిపిస్తుంది.

ఆ మొరను తెలుగువాళ్ల నోటికి అందించినవారిలో పురుషోత్తమ చౌదరి (1803–1890) ముఖ్యులు. ఆయనా, ఆయన తర్వాతివారూ రాసిన పాటలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో రాగం, తాళం పేర్లతో అచ్చయ్యాయి. పల్లవి, చరణాల కట్టడం మనకు తెలిసిందే. ప్రార్థనలో అది చేసే పని గమనించదగ్గది. చరణం కష్టాన్ని ఎంత దూరం తీసుకెళ్లినా, అది ముగియగానే అందరూ కలిసి పల్లవి ఎత్తుకుంటారు. నమ్మకం పల్లవిలో ఉంటే, ప్రతి చరణం తర్వాతా మనిషి దాని దగ్గరికే తిరిగి చేరతాడు. ఒకరు చెప్పి అందరూ అందుకోవడం వల్ల చదువురాని అవ్వకూ పాట కంఠస్థమవుతుంది.

ఇప్పుడు ఇంటి కూడికలోకి వద్దాం. కంజీర మీద పాట మొదలవుతుంది. వాక్యం చదువుతారు. ఆ తర్వాత ఒకరు లేచి సాక్ష్యం చెబుతారు: ఇలాంటి కష్టమే తమకూ వచ్చిందనీ, దేవుడు ఎలా నడిపించాడనీ. కీర్తనకారుడు చేసే జ్ఞాపకం పని ఇక్కడ పక్కింటి మనిషి చేస్తుంది. అప్పుడు విన్నపాలు అడుగుతారు. ‘మా చిన్నోడి ఆపరేషన్ గురించి ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండమ్మా’ అని ఇంటావిడ అంటుంది. పేరు, జబ్బు, తేదీ అన్నీ పలుకుతారు. పేరు పెట్టి చెప్పగానే కమ్ముకున్న భయం ఒక విషయంగా మారుతుంది, దాన్ని గురించి అడగడం వీలవుతుంది. తర్వాత అందరూ ఒకేసారి గొంతెత్తి ప్రార్థిస్తారు. ఇంటావిడకు మాట పెగలకపోయినా ఫరవాలేదు. చుట్టూ ఉన్న గొంతులు ఆమె భారాన్ని తమ మాటల్లో మోస్తాయి, ఆమె ఏడుపు వాటిలో కలిసిపోతుంది. చివరికి పాస్టరుగారు ఆ విన్నపాలన్నీ ఒక్క ప్రార్థనగా ముగిస్తే అందరూ ఆమేన్ అంటారు.

మలుపు రాని రోజులూ ఉంటాయి. 88వ కీర్తన చీకటిలోనే ఆగిపోతుంది. అయినా దాన్ని తీసేయకుండా గ్రంథంలో ఉంచారు. గెత్సేమనే తోటలో యేసు అవే మాటలతో మూడోసారి ప్రార్థించాడని మత్తయి సువార్త రాసింది. అందుకే ఈ కూడికలు ఒక్క రోజుతో అయిపోవు. వచ్చే వారం మళ్లీ వస్తారు, అదే పేరు మళ్లీ పలుకుతారు. మొర చెప్పుకోవడానికి చోటు, అడగడానికి మాటలు, తాను అలసిపోతే తన తరఫున అడిగే మనుషులు: ఈ మూడూ ఉన్నచోట ఆశ ఒక్క మనిషి గుండెబలం మీద ఆధారపడి ఉండదు. ఎంత నలిగిన మనిషైనా వచ్చి ఆనుకోగలిగేలా దాన్ని కట్టారు.