నెట్‌స్కేప్ ఓడిపోతూ ఇచ్చినది

1995 ఆగస్టు 9న బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్ షేరు అమెరికా మార్కెట్లోకి 28 డాలర్లకు వచ్చి, ఆ సాయంత్రానికే 58 దాటింది. ఆరు రోజుల తర్వాత, ఆగస్టు 15న, ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ మన మహానగరాల్లో సామాన్యులకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. మన దేశానికి వెబ్ పరిచయమయ్యేనాటికి బ్రౌజరంటే నెట్‌స్కేపే. మరి మూడేళ్లకే ఎందుకు కుప్పకూలింది? మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌ప్లోరర్ బ్రౌజర్‌ను విండోస్‌తో కలిపి ఉచితంగా ఇచ్చి దెబ్బతీసిందంటారు కొందరు. 1998 మేలో మైక్రోసాఫ్ట్‌పై అమెరికా ప్రభుత్వం వేసిన దావా, మరుసటేడు ఆ కేసు విన్న జడ్జి జాక్సన్ నిర్ధారణలు ఈ మాటను బలపరుస్తాయి. పాత కోడు పక్కనపడేసి మళ్లీ మొదటినుంచి రాయబూనడమే ముంచిందంటారు ఇంకొందరు. నాలుగో వెర్షన్ 1997లో వస్తే, దాని తర్వాత విడుదలైన ఆరోది 2000 నవంబరుకు గానీ రాలేదు. రెండు వాదనల్లోనూ నిజముంది. తెలుగువాళ్లకు మాత్రం అసలు తేదీ 1998 మార్చి 31. ఓడిపోతున్న ఆ కంపెనీ తన బ్రౌజర్ సోర్స్ కోడును ఎవరైనా చదివి, మార్చుకుని, పంచుకునేలా ఆరోజు బయటపెట్టింది. వెలిగిన రోజుల్లో చేసినవాటికన్నా ఈ పనే మన భాషకు ఎక్కువ అక్కరకొచ్చిందని నా వాదన.

తొలినాళ్ల తెలుగు వెబ్‌లో ఈనాడుది ఒక ఫాంటు, వార్తది ఇంకో ఫాంటు. ఇంగ్లీషు అక్షరాల సంకేతాల చోట తలకట్లు, కొమ్ములు, వత్తులు ముక్కలుగా కూర్చేవి. ఫాంటు లేని కంప్యూటర్లో వార్తకు బదులు అర్థంలేని గుర్తులు కనిపించేవి. ఫాంటు ఉన్నా, కావలసిన మాట వెతకడానికి గానీ, మరోచోట అతికించుకోవడానికి గానీ ఆ రాత పనికొచ్చేది కాదు. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతపట్టిక అయిన యూనికోడ్ 1991లోనే తెలుగుకు చోటిచ్చినా పత్రికలు చాలాకాలం అటు రాలేదు. అలాంటప్పుడు ఒక తెలుగు ప్రోగ్రామరు, నెట్‌స్కేప్ బయటపెట్టిన ఆ కోడు నుంచి పుట్టిన మొజిల్లా బ్రౌజర్ కోసం 'పద్మ' అనే ఎక్స్‌టెన్షన్ రాశారు. పత్రికల సొంత రాతను అది యూనికోడ్‌లోకి మార్చి చూపేది. ఏ వత్తు ఏ హల్లుదో, ఏ గుర్తు ఎటు జరగాలో తేల్చుకుంటూ పోవాల్సిన, ఎంతో ఓపిక కావలసిన పని. దానికి ఏ బ్రౌజర్ కంపెనీ అనుమతీ అడగనక్కర్లేకపోయింది. పుదుచ్చేరి పాలనలో ఉన్న తెలుగు ఊరు యానాం నుంచి చూసేవాళ్లకు దీని విలువ వివరించనక్కర్లేదు. నిర్ణయాలు జరిగేచోట మన భాషవాళ్లు కొద్దిమందే అయితే, మన అవసరం ఎప్పుడూ వరుసలో చివరనే ఉంటుంది.

మైక్రోసాఫ్ట్ కూడా తెలుగిచ్చింది కదా అనొచ్చు. ఇచ్చింది. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన తెలుగు ఫాంటుకు గౌతమి అని పేరుపెట్టారు కూడా. యానాం పక్కన పారే గోదావరి పాయ పేరది, తలుచుకుంటే సంతోషమే. అయితే ఆ ఫాంటు యూనికోడ్ పేజీలకే పనికొచ్చేది, పత్రికల పాత రాతను చదివించలేదు. నెట్‌స్కేప్ కోడు ఇచ్చింది ఉదారతతో కాదు, గత్యంతరం లేక అనేవాళ్లూ ఉన్నారు. ఒప్పుకుంటాను. ఎందుకిచ్చినా, ఇచ్చిన కోడు మళ్లీ వెనక్కి పోలేదు. 1998 నవంబరులో 420 కోట్ల డాలర్లకు ఇంటర్నెట్ సంస్థ ఏఓఎల్ చేతికి వెళ్లడానికి ఒప్పుకున్న ఆ కంపెనీ తర్వాత కనుమరుగైంది. కోడు మాత్రం 2003లో మొజిల్లా ఫౌండేషన్‌కు, 2004లో ఫైర్‌ఫాక్స్ 1.0 బ్రౌజర్‌కు పునాది అయింది. ఆ ఫైర్‌ఫాక్స్ మెనూలను స్వచ్ఛంద కార్యకర్తలే తెలుగులోకి తెచ్చారు.

తెరిచిన కోడు ఉన్నంతమాత్రాన అన్నీ నిలవవన్నది వీటన్నిటికన్నా గట్టి అభ్యంతరం. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 'పద్మ' లాంటి పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లను ఆపేసింది. ఎన్నో ఏళ్ల శ్రమ ఒక్క వెర్షన్‌తో మూలపడింది. అందుకే పాత రాతను చదివించే బరువంతా స్వచ్ఛందంగా రాసేవాళ్ల మీద వదిలేయడం న్యాయం కాదు. యూనికోడ్‌కు మారకముందు నాటి పేజీలు దాచుకున్న పత్రికలు వాటిని ఇప్పుడైనా మార్చి పెట్టాలి. అది కుదరకపోతే, ఏ సంకేతానికి ఏ ముక్కో చెప్పే పట్టికనైనా బయటపెట్టాలి. మిగతా పని చేసుకోగలవాళ్లు తెలుగులో ఉన్నారు.