క్షమాపణ ఉపమానము: ఎవరికి హెచ్చరిక?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతపు సంఘములలో అనేకులు వెట్టిచాకిరిని, అంటరానితనమును అనుభవించిన కుటుంబములవారు. ఇట్టి సంఘములలో మత్తయి 18:21-35ను ప్రసంగించునప్పుడు తరచుగా వినబడు వ్యాఖ్యానము ఒక్కటే: ఎంత అన్యాయము జరిగినను క్షమించి మరచిపోవలెను. ఇది వాక్యభాగమునకు న్యాయము చేయుట లేదని మా అభిప్రాయము.

పేతురు ప్రశ్న తన యెడల తప్పు చేసిన సహోదరుని గూర్చినది. కనుక బాధితునికి క్షమించు బాధ్యత లేదని మేము అనుట లేదు. అయితే మూడు సంగతులు గమనింపదగినవి. మొదటిది, ఉపమానములో గొంతు పట్టుకొన్నవాడు బలవంతుడు. 10,000 తలాంతుల అప్పు క్షమింపబడినను 100 దేనారముల కొరకు తోడి దాసుని చెరసాలలో వేయించెను. రెండవది, 31వ వచనములో తోడి దాసులు మౌనముగా ఉండక యజమానునికి తెలిపిరి. ఆయన వారిని గద్దింపలేదు. మూడవది, 15-17 వచనములు తప్పును ముఖాముఖిగా తెలిపి, సాక్షులను పిలిచి, సంఘము ఎదుట ఉంచవలెనని బోధించుచున్నవి. కాబట్టి ఫిర్యాదు క్షమకు విరోధి కాదు.

2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో కులాంతర వివాహము చేసికొన్న దళిత యువకుడు గర్భవతియైన భార్య ఎదుటనే హత్య చేయబడెను. 2025 మార్చి 10న నల్లగొండ న్యాయస్థానము ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవము విధించెను. మరణశిక్ష వేరుగా చర్చింపదగిన అంశము. అయితే దోషుల శిక్షను కోరుట పగ కాదు. చుండూరులో 1991 ఆగస్టు 6న దళితులు ఊచకోతకు గురికాగా, 2007లో ప్రత్యేక న్యాయస్థానము విధించిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టివేసెను. తప్పు ఒప్పుకొన్నవాడు లేనిచోట బాధితునికి మాత్రమే క్షమను బోధించుట ఎవరి పక్షమున నిలుచుట?

అయినను పగను పెంచి పోషించుటకు వాక్యము చోటియ్యదు. రోమా 12:19 ప్రకారము ప్రతీకారము దేవునిది. అంతేకాదు, మాల మాదిగ భేదముతో పెండ్లి సంబంధమును నిరాకరించు విశ్వాసి కూడ తోడి దాసుని గొంతు పట్టుకొన్నవాడే.

జక్కయ్య పశ్చాత్తాపము నాలుగంతలుగా తిరిగి చెల్లించుటలో కనబడెను (లూకా 19:8). అప్పు ఎవరిదో చెప్పి, బలవంతుని పశ్చాత్తాపమునకు పిలిచి, ఆ మీదట క్షమను బోధించు కాపరియే ఈ ఉపమానమును సంపూర్ణముగా ప్రకటించినవాడు.