వెండి ఊడిన చోట

బిద్రీ వస్తువు పాతసామాన్ల కుప్పలో పడితే కంటికి ఆనదు. మ్యూజియంలో అద్దాల వెనక చూసినవాళ్లకు బిద్రీ అంటే కాటుక నలుపు మీద మెరిసే వెండి పువ్వులే గుర్తొస్తాయి. అయితే గాలి తగిలేకొద్దీ నల్లబడడం వెండి గుణం. ఓ తరం పాటు ఎవరూ తుడవకపోతే పువ్వూ దాని వెనకున్న నేలా ఒకే మసిరంగులోకి దిగిపోతాయి. అప్పుడు దాన్ని మాడిన మూకుళ్ల నుంచి, తుప్పు పట్టిన తాళాల నుంచి వేరుచేసి చూడడం కష్టం. హైదరాబాదులో పురానాపూల్ దగ్గర గురువారాల్లో సాగే జుమ్మెరాత్ బజార్‌లో ఇలాంటివి వెతికేవాళ్లు అందుకే కళ్లకన్నా చేతుల్నే ఎక్కువ నమ్ముకుంటారు. బిద్రీ రేకుతో చేసింది కాదు, మందంగా పోత పోసింది. అరచేతిలో ఇమిడే డబ్బా కూడా ఎత్తగానే చేతిని కిందికి లాగుతుంది.

నాకు అక్కడ ఓ పాన్‌దాన్ (తాంబూలం పెట్టె) మూత దొరికింది. మూత ఒక్కటే, అడుగు భాగం లేదు. చిన్న గుమ్మటం ఆకారం, పైన పట్టుకోవడానికి మొగ్గ, ఒళ్లంతా జిడ్డు. అమ్మేవాడు దాన్ని చూడకుండానే "లోహా హై సాబ్, పురానా లోహా" అన్నాడు, పాత ఇనుమని. అయస్కాంతం పెట్టి చూస్తే అంటుకోలేదు. అల్యూమినియం అయితే ఇంత బరువుండదు. బొటనవేలికి కాస్త ఉమ్మి రాసి ఓ అంచున గట్టిగా రుద్దితే, నలుపులోంచి సన్నటి తెల్లగీత ఒకటి తేలింది. బేరం గురించి చెప్పను. ఇద్దరం మోసపోయామనే అనుకుంటూ విడిపోయాం.

మూత మంచి స్థితిలో లేదు. నేను కొన్నది కూడా అందుకే అని చెబితే కొందరు నవ్వుతారు. చెక్కుచెదరని బిద్రీ పని తన గుట్టు చెప్పదు. వేలితో తడిమితే వెండి ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియనంత నున్నగా ఉంటుంది. చూసి ఆహా అనుకుని పక్కకు తప్పుకోవడమే. వెండి ఊడిన చోట మాత్రం పనివాడి చెయ్యి కనిపిస్తుంది.

ఈ మూత మీద చుట్టూ ఆరు మొనదేలిన తోరణాలు, ఒక్కో తోరణంలో ఒక గసగసాల మొక్క. తోరణాల గీతలు వెండి తీగ, పువ్వులు వెండి రేకు. ఒక పువ్వుకు ఎడమవైపు రేక ఊడిపోయింది. భూతద్దం పెట్టి ఆ గుంటలోకి చూడండి. అడుగు నున్నగా లేదు, ఉలి మొన పక్కపక్కనే దిగిన గాట్లు వరసగా ఉన్నాయి. గోడలు నిట్టనిలువుగా లేవు, కిందికి పోయేకొద్దీ లోపలికి తొలిచి ఉన్నాయి. అంటే గుంట నోరు ఇరుకు, కడుపు వెడల్పు. పనితనమంతా ఆ వెంట్రుకవాసి తేడాలో ఉంది. మెత్తటి వెండిని పెట్టి సుత్తితో కొడితే అది పక్కలకు సాగి, ఆ తొలిచిన అంచుల కిందికి చొచ్చుకుపోతుంది. గాట్లున్న అడుగును కరిచి పట్టుకుంటుంది. జిగురు లేదు, టంకం లేదు. వెండి ఇక్కడ నిలిచిందంటే పారిపోవడానికి దారి లేకనే.

అలాంటప్పుడు ఈ ఒక్క రేక ఎందుకు పోయింది? గుంట అంచున సన్నటి మొనతో పెకలించిన గీరలు రెండున్నాయి. పాతబడి ఊడింది కాదు, ఎవరో వెండి కోసం లాగారు. మిగతా రేకల దగ్గర కూడా ప్రయత్నించి వదిలేసిన గుర్తులున్నాయి. దొంగకు ఓపిక నశించింది, పనివాడు గెలిచాడు.

ఈ నల్ల లోహంలో తొంభై శాతానికి పైగా జింకు, కొద్దిగా రాగి. జింకు 420 డిగ్రీల లోపే కరుగుతుంది కాబట్టి చిన్న కొలిమి చాలు. ఆముదం, గుగ్గిలం కలిపిన మట్టితో అచ్చు చేసి పోత పోస్తారు. బయటికొచ్చిన వస్తువు నల్లగా ఉండదు, సీసం రంగులో గరుకుగా ఉంటుంది. ఆకురాయితో రాకి నునుపు చేశాక దాని మీద మైలుతుత్తం నీళ్లు పూస్తారు. ఉపరితలం తాత్కాలికంగా నల్లబడుతుంది. అది పలక లాంటిదన్నమాట. దాని మీద మొనతో గీస్తే తెల్లగా పడుతుంది. కాగితం మీది నమూనాను అద్దరు, కొలతబద్ద పెట్టరు, చేత్తోనే లతలు గీస్తారు. తర్వాత ఉలులతో తొలిచి, వెండి దిగగొట్టి, మళ్లీ రాకి చదును చేస్తారు. ఆ రాకుడుకి తాత్కాలిక నలుపు కాస్తా పోయి వెండీ జింకూ ఒకే తెలుపులో కలిసిపోతాయి. అంత కష్టపడి వేసిన బొమ్మ మాయమవుతుంది.

చేత్తో గీశారనడానికి సాక్ష్యం నా మూత మీదే ఉంది. ఆరు తోరణాల్లో ఐదు దాదాపు ఒకే వెడల్పు. ఆరోది బియ్యపుగింజంత ఇరుకు. చుట్టూ తిరిగొచ్చేసరికి చోటు తక్కువ పడింది. అతను కంగారు పడలేదు. ఆ తోరణంలోని మొక్కకు ఒక మొగ్గ తగ్గించి, కాడను కొంచెం పక్కకు వంచాడు. ఆ వంపు చూస్తే గాలి వీచినట్టుంటుందే తప్ప చోటు చాలనట్టుండదు. యంత్రంతో చేసిన నకళ్లకు ఇలాంటి సర్దుబాటు ఎన్నటికీ రాదు. వాటిలో ఆరో తోరణం కూడా అచ్చం మొదటిదానిలాగే ఉంటుంది.

ఇక నలుపు సంగతి. బిద్రీకి పేరిచ్చిన ఊరు బీదర్. అక్కడి కోటలో ఎండా వానా తగలని చోటి నుంచి పాతమట్టి తెచ్చి, నవసాగరంతో నీళ్లలో కలిపి, వేడిచేసిన వస్తువుకు పట్టిస్తారు. జింకు నేల నల్లబడుతుంది, వెండి మాత్రం అలాగే ఉండిపోతుంది. మట్టి పనికొస్తుందో లేదో పనివాళ్లు నాలుక మీద వేసుకుని తేలుస్తారు. సూరేకారం రుచి తెలియాలి వాళ్లకు. లోహంలో ఆ కాస్త రాగి లేకపోతే ఈ నలుపు పట్టదు. ఇది పైన పూసిన రంగు కాదు, లోహం చర్మమే మారడం. చివర నూనె రాసి రుద్దితే నలుపు లోతెక్కుతుంది. ఇందాక మాయమైన బొమ్మ ఒక్కసారిగా బయటపడే ఘడియ ఇదే. బీదర్ వీధుల్లో కార్ఖానాలకు వెళ్లినవాళ్లు ముందుగా ఇదే చూపించమని అడుగుతారు. అడగడంలో తప్పులేదు కానీ నా ఓటు మాత్రం ఉలికే.

బీదర్ కోటలోనే రంగీన్ మహల్ ఉంది. అక్కడ నల్లరాతిలో ముత్యపు చిప్పలు పొదిగారు. నలుపులో తెలుపు పొదగాలన్న మోజు ఆ ఊరికి రాతిలోనూ ఉంది, లోహంలోనూ ఉంది. 1956లో భాషా రాష్ట్రాలు ఏర్పడేదాకా బీదర్ హైదరాబాద్ సంస్థానం, ఆ తర్వాత హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. కాబట్టి హైదరాబాదు నవాబుల దేవిడీల్లో, పెళ్లి సామాన్లలో బిద్రీ పోగుపడడం, ఆ దేవిడీలు చెదిరాక పాతసామాన్ల బజార్లకు చేరడం విడ్డూరం కాదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో మంచి బిద్రీ సేకరణ ఉంది. బజారుకు పోయేముందు ఒక పూట అక్కడ గడపడం మంచిది. మంచిదేదో తెలియని కంటికి చెడ్డది కూడా తెలియదు.

మ్యూజియంలో హుక్కా బుడ్లను వరసగా చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. గుండ్రంగా కుండలా ఉన్నవి పాతవి, వాటికి కింద చుట్టకుదురు కావాలి. పద్దెనిమిదో శతాబ్దం సగం గడిచాక అడుగు వెడల్పుగా గంట ఆకారంలో ఉండే బుడ్లు వచ్చాయి, ఇవి తమంతట తామే నిలబడతాయి. బజార్లో దొరికేవి దాదాపు అన్నీ గంట ఆకారానివే. వాటిలోనూ చాలావాటికి అడుగున బెజ్జం ఉంటుంది. హుక్కా మానేసిన ఇళ్లలో వాటిని టేబుల్ ల్యాంపులుగా మార్చారు, బెజ్జం కరెంటు తీగ కోసం. సేకర్తలు దీన్ని పెద్ద నేరంగా చూస్తారు. నేను అంత కఠినంగా ఉండలేను. ల్యాంపు కాబట్టే అటక మీదికో పాతసామాన్ల వాడి దగ్గరికో పోకుండా హాల్లో మిగిలింది.

పని రకాలకు పేర్లున్నాయి. తీగ పొదిగితే తారకాశీ, రేకు పొదిగితే తహ్‌నిషాన్. ఎక్కువ భాగం వెండి రేకు కప్పి, అందులోంచి నల్లటి బొమ్మ కనిపించేలా కత్తిరిస్తే ఆఫ్తాబీ. నా మూత మీద మొదటి రెండూ ఉన్నాయి. చేయి తిరిగినవాడు తీగను మలుపు దగ్గర తుంచడు, ఒకే తీగను మొన దాకా తీసుకెళ్లి వంచి వెనక్కి తెస్తాడు. తోరణం కొనల్లో అతుకు కనిపించలేదంటే అదే కారణం. ఈ పని ఇప్పుడు పోయిందనుకోకండి. బిద్రీకి 2006లో జీఐ గుర్తింపు వచ్చింది. బీదర్ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. కొత్త డబ్బాల మీద చక్కటి తారకాశీ చూశాను. వెండి ధర పెరిగేకొద్దీ రేకు పలచనైంది, అది పనివాడి తప్పు కాదు.

కొన్నాక జాగ్రత్త ఇంట్లోనే అవసరం. మన ఇళ్లలో నల్లబడిన పాత్ర కనిపిస్తే చెయ్యి చింతపండు డబ్బా మీదికి పోతుంది. రాగికి, ఇత్తడికి అది సరే. జింకును మాత్రం పులుపు తినేస్తుంది. ఒక్క తోముడుతో ఆ నలుపంతా మచ్చలు మచ్చలుగా బూడిదరంగుకు తిరుగుతుంది. మళ్లీ రావాలంటే బీదర్ మట్టే దిక్కు. మెత్తటి బట్టతో ఓపిగ్గా తుడిచి, చుక్క కొబ్బరినూనె రాస్తే చాలు. కింద పడేయకూడదు. జింకు పోత సొట్ట పడదు, పగులుతుంది. నకిలీని పట్టడానికి సూదిమొన ఒకటి చాలు. అడుగున కనిపించని చోట గీస్తే రంగు పొరలా లేచి వస్తే అది పెయింటు. ఇంకోటి, అమెరికాలోని చుట్టాలకు కానుకగా పంపుదామనుకునేవాళ్లకు: 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువులను దేశం దాటించకూడదు.

పాన్‌దాన్ మొత్తంగా దొరికితే మూత తీసి లోపలి గిన్నెలు చూసుకోండి. సున్నానికి, కాచుకు, వక్కలకు వేరువేరుగా ఉండాలి, అన్నీ ఉండడం అరుదు. పోయినవాటి కోసం అదే వరసలో నాలుగు దుకాణాల అవతల అడగండి. యాష్‌ట్రేలని చెప్పి అమ్ముతుంటారు.