గదిలో ఇంకెవరూ లేరా?

హత్య కథకీ సైన్సు కథకీ పొత్తు కుదరదని ఒకప్పుడు గట్టి నమ్మకం ఉండేది. అమెరికన్ సైన్సు ఫిక్షన్‌కి పెద్ద దిక్కయిన సంపాదకుడు జాన్ కాంబెల్ ఆ మాటే అన్నాడు. డిటెక్టివ్ జేబులోంచి ఏ భవిష్యత్తు యంత్రమో తీసి "హంతకుడు ఇతనే" అని తేల్చేస్తే, ఇక పాఠకుడికి మిగిలేదేమిటి? కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ ఆధారాలు ఏరుతుంటే ఆయన వెనకాలే మనమూ ఏరుకుంటూ పోయాం. మజా అంతా అందులోనే ఉంది కదా! ఆ మజా చెడకుండా సైన్సు నవల రాయొచ్చని నిరూపించడానికి ఐజాక్ అసిమోవ్ పూనుకున్నాడు. 1954లో 'ది కేవ్స్ ఆఫ్ స్టీల్', 1957లో 'ది నేకెడ్ సన్' పుస్తకాలుగా వచ్చాయి. ఈ వ్యాసం రెండోదాని గురించి. అభాలో ఉండి దాన్ని చదివేవాడికి, హంతకుడెవరన్న ప్రశ్న కంటే ముందు ఇంకో ప్రశ్న తగులుతుంది.

కథ జరిగేది సొలేరియా అనే గ్రహం మీద. అక్కడ మనుషులు 20 వేలు, రోబోలు 20 కోట్లు; అంటే తలకి పదివేలు. తెరమీద కనపడి మాట్లాడుకోవడం మర్యాద, ఎదురెదురుగా కూర్చోవడం అసభ్యం. భార్యాభర్తలు కూడా తప్పనిసరైతేనే ఎదుటపడతారు. అలాంటి చోట డెల్మార్ అనే శాస్త్రజ్ఞుడు తల పగిలి చనిపోతాడు. అతని దగ్గరికి వెళ్ళగలిగింది భార్య గ్లాడియా ఒక్కతే. ఆయుధం మాత్రం దొరకదు. నేరాలే ఎరగని లోకం కనుక పోలీసులు లేరు. అందుకని భూమి నుంచి ఇలైజా బేలీ అనే డిటెక్టివ్‌ని పిలిపిస్తారు.

బేలీ కూడా పని మీద పరదేశం వెళ్ళినవాడే. పైవాళ్ళు పొమ్మన్నారు, వెళ్ళాడు. కప్పు వేసిన నగరంలో పుట్టి పెరిగాడు కాబట్టి ఆరుబయట నిలబడితే కాళ్ళు వణుకుతాయి. నవల పేరులో ఉన్నది ఆ ఎండే. కొత్తచోట భయాన్ని దిగమింగుకుని పని చేసుకుపోయే ఆ మనిషిని గుర్తుపట్టడానికి గల్ఫ్ తెలుగువాళ్ళకి పెద్ద కష్టమేమీ ఉండదు.

అసలు చిక్కు ఒకే ఒక్క మాటలో ఉంది. హత్య జరిగిన చోట ఎవరున్నారంటే, ఎవరూ లేరు, రోబోలు తప్ప. హత్యని చూసిన రోబో మెదడు దెబ్బతింది కనుక సాక్ష్యానికి పనికిరాదంటారు. రోబో మనిషికి హాని చెయ్యలేదన్న సూత్రం ఉంది కనుక దాన్ని అనుమానించేవాళ్ళూ ఉండరు. బేలీ పట్టుకున్నది ఆ సూత్రంలో అందరూ మరిచిపోయిన ఒక మాటని: "తెలిసి" హాని చెయ్యదు. పనిని ముక్కలు చేసి, ఏ ముక్క ఎందుకో చెప్పకుండా చేయిస్తే? హంతకుడి పేరు నేను చెప్పను, చదువుకోండి. సైన్సు ఇక్కడ మిస్టరీని చెడగొట్టలేదు సరికదా, తాళానికీ తాళంచెవికీ తనే లోహమైంది. అసిమోవ్ గెలుపు అది. చెస్టర్టన్ తన ఫాదర్ బ్రౌన్ కథల్లో ఒకదానిలో ఎవరి కంటికీ ఆనని పోస్ట్‌మన్‌ని సృష్టించాడు. అసిమోవ్ ఆ ఊహతో ఒక గ్రహాన్నే కట్టాడు.

ఇక అభా సంగతి. అసీర్ కొండల్లో దాదాపు 2,200 మీటర్ల ఎత్తున ఉన్న చల్లటి ఊరు. గల్ఫ్ అనగానే ఇసుక తప్ప ఇంకేమీ తోచని మనవాళ్ళకి ఇక్కడి పొగమంచు గురించి చెబితే నమ్మరు. 2022 జనాభా లెక్కల ప్రకారం సౌదీలో ఉన్న సుమారు 3.2 కోట్ల మందిలో 1.34 కోట్ల మంది బయటి దేశాలవాళ్ళు. సొలేరియాతో దీనికి పోలిక లేదు; పోలిక లెక్కలో కాదు, లెక్కపెట్టే తీరులో ఉంది. టీ తెచ్చే మనిషి పక్కనే నిలబడి ఉండగా ఆఫీసు రహస్యాలు మాట్లాడుకుంటాం. డ్రైవరు ముందు సీట్లో ఉండగానే మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటారు. ఇది గల్ఫ్‌కే పరిమితమనీ అనుకోవద్దు. "ఇంట్లో ఎవరూ లేరు, పనమ్మాయి తప్ప" అన్న వాక్యం విజయవాడలో వినపడుతుంది, హైదరాబాదులోనూ వినపడుతుంది. డెల్మార్ ఇంట్లో విన్న వాక్యమూ అదే.

అయితే నవలకి పెద్ద లోటు కూడా ఇక్కడే ఉంది. 'రోబో' అన్న మాట 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ నాటకంతో లోకానికి వచ్చింది. దాని మూలార్థం వెట్టిచాకిరీ. చాపెక్ రోబోలు తిరగబడ్డాయి. అసిమోవ్ 1942లో మూడు సూత్రాలు పెట్టి ఆ తిరుగుబాటుని ముందే కత్తిరించేశాడు. ఈ నవలలో ఒక పాత్ర సొలేరియాని ప్రాచీన స్పార్టాతో పోల్చి, అక్కడి దాసులు బాధపడ్డారు, మా రోబోలకి బాధ లేదు అని తృప్తి పడతాడు. రచయితా దాదాపు అక్కడే ఆగిపోయాడు. రోబోకి ఆకలి లేదు, అప్పు లేదు, ఊళ్ళో ఎదురుచూసే పిల్లలు లేరు. అందుకే మనస్సాక్షికి ఏ ఇబ్బందీ లేకుండా చిక్కు విడిపోతుంది.

మన క్యాంపుల్లో ఉండే నిజామాబాద్ మనిషికీ, ఇళ్ళలో పనిచేసే కడప ఆడమనిషికీ అన్నీ ఉన్నాయి. ముఖ్యంగా, వాళ్ళకి తెలుసు. గదిలో ఏం జరిగిందో చూశారు, ఎందుకు జరిగిందో అర్థం చేసుకున్నారు. కానీ ఇకామా యజమాని చేతిలో ఉన్నవాడు సాక్ష్యం చెప్పడం తేలిక కాదు. 2021లో ఉద్యోగం మారడానికి నిబంధనలు సడలించినప్పుడు కూడా ఇంటిపనివాళ్ళనీ ఇళ్ళ డ్రైవర్లనీ ఆ సడలింపులోకి చేర్చలేదు. అసిమోవ్ చిక్కు తెలియనివాడి చేత చేయించిన హత్య. మన చిక్కు, తెలిసినవాడు నోరు విప్పలేని హత్య. రెండోది ఇంకా కష్టమైన నవల.

కరోనా వచ్చిన 2020 నుంచి తెరమీద పలకరింపులు మనకీ అలవాటైపోయాయి. తండ్రి కర్మని ఫోన్లో చూసినవాళ్ళు మన మధ్యే ఉన్నారు. సొలేరియా ఊహించినంత దూరంలో లేదు. తెలుగులో సైన్సు కథలు రాసేవాళ్ళున్నారు, డిటెక్టివ్ కథలు రాసేవాళ్ళున్నారు, వలస కథలు రాసేవాళ్ళకైతే లోటే లేదు. ఈ మూడూ కలిసిన నవల ఒకటి రావాలి. అందులో డిటెక్టివ్ "గదిలో ఎవరున్నారు?" అని అడిగితే, టీ కప్పులు తీస్తున్న మనిషి వెనక్కి తిరిగి "నేనున్నాను సార్" అనాలి.