ఈ ఆకాశం ఏ తేదీది?

రాత్రి పదకొండు దాటాక మా అన్నయ్య కొడుకు విజయవాడ నుంచి ఫోన్ చేశాడు. "బాబాయ్, పడుకున్నావా? శంషాబాద్‌లో దిగలేకపోతున్నా."

వాడు నడిపే విమానం వాడి గదిలోనే ఉంటుంది, కంప్యూటర్ తెర మీద. మైక్రోసాఫ్ట్ వాళ్ళ పాత సిమ్యులేటర్ ఎఫ్‌ఎస్‌ఎక్స్, అందులో కొత్తగా వేసుకున్న శంషాబాద్ విమానాశ్రయం, విడిగా కొనుక్కున్న బోయింగ్ 737. ఏం జరుగుతోందో చెప్పమంటే వివరంగా చెప్పాడు. రన్‌వేకి దారిచూపే రేడియో సంకేతం, ఐఎల్‌ఎస్, అందుతోంది. పక్కకు తప్పామేమో చూపే లోకలైజర్ సూది నడిమధ్యన నిలబడుతోంది. తీరా మబ్బుల కిందికి వచ్చి చూస్తే రన్‌వే ఎదురుగా లేదు, కుడిపక్కన ఉంది. సూదిని నమ్ముకుంటే గడ్డిలో దిగాలి.

"అంతా తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేశావా?"

"రెండుసార్లు చేశాను. మళ్ళీ అంతే."

అందరం మొదట చేసే పని అదే. దానివల్ల ఒక్కోసారి తప్పు మాయమవుతుంది కూడా. కానీ ఎందుకొచ్చిందో తెలియదు, ఎందుకు పోయిందో తెలియదు, నెల తిరక్కుండా మళ్ళీ వస్తుంది. ఇళ్ళలో సిమ్యులేటర్లు నడిపేవాళ్ళు ఏళ్ళ తరబడి ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటూ వచ్చిన పద్ధతి వేరే ఉంది. నాకు మరొకరు నేర్పారు, ఆ రాత్రి నేను వాడికి నేర్పాను. "కాగితం, పెన్ను తెచ్చుకో. మూడు తేదీలు రాయి" అన్నాను.

సిమ్యులేటర్లో ఉన్నది ఒకే ప్రపంచం అని కొత్తవాళ్ళు అనుకుంటారు. నిజానికి అక్కడ కనీసం మూడు పుస్తకాలు ఉంటాయి. సిమ్యులేటర్ సొంత సమాచారం ఒకటి: రన్‌వేలు ఎక్కడున్నాయి, ఐఎల్‌ఎస్, దిశ చెప్పే వీఓఆర్ స్టేషన్లు ఏ ఫ్రీక్వెన్సీలో మోగుతాయి అన్నది దాన్లో ఉంటుంది. విమానంలో దారి లెక్కలు చూసుకునే కంప్యూటర్, ఎఫ్‌ఎంసీ, చదివే పుస్తకం రెండోది. కొనుక్కున్న విమానాలు చాలావరకు దాన్ని తమ ఫోల్డర్లో తాము వేరుగా దాచుకుంటాయి. మనం పక్కన తెరుచుకుని చూసే చార్టు మూడోది. ఈ మూడింట్లో ఏదీ అబద్ధం చెప్పదు. దేని తేదీకి అది నిజమే చెబుతుంది. అందుకే ఏది తప్పు అని వెతకడం మొదలుపెడితే తెల్లవారిపోతుంది. ఏది ఏనాటిది అని అడగాలి.

ఆకాశానికి తేదీ వేయడం సిమ్యులేటర్ల వాళ్ళు పెట్టిన పద్ధతి కాదు. 1930లలో అమెరికాలో టపా విమానాలు నడిపిన ఎల్రీ జెప్పెసన్ పది సెంట్లు పెట్టి ఒక చిన్న నోటుపుస్తకం కొన్నాడు. అందులో తను దిగే మైదానాల వాలు, పొడవు, చుట్టూ ఉన్న అడ్డంకులు, వాతావరణం ఎలా ఉందో చెప్పగల రైతుల ఫోన్ నంబర్లు రాసుకున్నాడు. ఎత్తు కొలవడానికి ఆల్టీమీటర్ పట్టుకుని నీళ్ళ ట్యాంకులెక్కాడు. తోటి పైలట్లు అడగడంతో ప్రతులు తీసి పది డాలర్లకు ఒకటి చొప్పున అమ్మాడు. విడి కాగితాల పుస్తకం కాబట్టి మారిన పేజీని తీసి కొత్తది పెట్టుకోవచ్చు. పేజీ మార్చడం అన్న ఆ పనే ఇప్పుడు ప్రపంచమంతా ఒకే లయలో జరుగుతోంది. దాని పేరు ఎయిరాక్. ప్రతి 28 రోజులకు, గురువారం నాడు, అన్ని దేశాల మార్పులూ ఒకేసారి అమల్లోకి వస్తాయి. ఏడాదికి పదమూడు సైకిళ్ళు. 2020లో మాత్రం పద్నాలుగు వచ్చాయి. సైకిల్ నంబరు 2501 అంటే 2025లో మొదటిది, జనవరి 23న మొదలైంది.

ఇవన్నీ తెలిస్తే మూడు తేదీలు రాయడం ఐదు నిమిషాల పని. బోయింగ్ ఎఫ్‌ఎంసీలో ఐడెంట్ పేజీ తెరిస్తే సైకిల్, అది చెల్లే తేదీలు కనిపిస్తాయి. చార్టు మీద అమలు తేదీ అచ్చయి ఉంటుంది. మన దేశపు చార్టులైతే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాళ్ళ అధికారిక సమాచార పుస్తకం ఏఐపీలో చూసుకోవచ్చు. వాడి ఎఫ్‌ఎంసీదీ చార్టుదీ కొత్త తేదీలే. మిగిలింది సిమ్యులేటర్. ఎఫ్‌ఎస్‌ఎక్స్ 2006 అక్టోబరులో విడుదలైంది. శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చి 23న మొదలైంది. అంటే ఆ సిమ్యులేటర్‌కు హైదరాబాద్ అంటే బేగంపేటే. దానికి బేగంపేట కోడ్ వీఓహెచ్‌వై తెలుసు, శంషాబాద్‌ది వీఓహెచ్‌ఎస్ అన్న కోడే తెలియదు. శంషాబాద్ గురించి అది ఏం చెప్పినా ఎవరో తరవాత చేర్చిన ఫైల్ చెప్పిస్తున్నదే.

"ఆ చేర్చినవాళ్ళు ఒక్కరేనా?" అని అడిగాను. వాడు తడుముకున్నాడు. ఒక్కటే వేసుకున్నానన్నాడు.

అప్పుడు విమానాన్ని రన్‌వేకి పది మైళ్ళ దూరంలో నిలిపి, ఆ ఫ్లైట్‌ను సేవ్ చేయమన్నాను. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చాలా ముఖ్యం. ప్రతి పరీక్షా అదే చోటు నుంచి, అదే ఎత్తు నుంచి మొదలవ్వాలి, లేకపోతే ఏ మార్పు వల్ల ఏం మారిందో తేల్చలేం. ఆ తరవాత ఐఎల్‌ఎస్ ఫ్రీక్వెన్సీ పెట్టి చెవి ఒగ్గమన్నాను. ప్రతి ఐఎల్‌ఎస్సూ తన పేరును మోర్స్‌లో చెప్పుకుంటుంది. అసలు పైలట్లకు ఇది కట్టుబాటు: పేరు వినకుండా సూదిని నమ్మకూడదు. సిమ్యులేటర్లో దీనికి ఇంకో ప్రయోజనం ఉంది. తెర మీది అంకెలు ఎఫ్‌ఎంసీ పుస్తకంలోవి కావచ్చు, కానీ ఆ చుక్కలూ గీతలూ వచ్చేది సిమ్యులేటర్ పుస్తకం నుంచే. ఏమీ వినబడకపోతే ఆ స్టేషన్ దాని దగ్గర లేనట్టు. వేరే పేరు వినబడితే వేరే స్టేషన్ మాట్లాడుతున్నట్టు.

వాడు రాసుకుని చదివాడు. చార్టులో ఉన్న అక్షరాలు కావు.

"ఇంకోటి ఉంది బాబాయ్, ఎక్కడో."

ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లో సీనరీ లైబ్రరీ పొరల మీద పొరలుగా ఉంటుంది. జాబితాలో పైనున్నది కిందదాన్ని కప్పేస్తుంది. కానీ పూర్తిగా కప్పదు, చిక్కంతా అక్కడే. కొత్త ఫైల్ చేసినవాళ్ళు పాత రన్‌వేలు తీసెయ్యి, పాత అప్రోచ్‌లు తీసెయ్యి అని విడివిడిగా ఆజ్ఞలు రాయాలి. ఏదైనా రాయడం మరిస్తే పాతది కింద నుంచి తొంగిచూస్తుంది. అప్రోచ్‌లన్నీ తీసెయ్యమని రాసి, కొత్తవి ఇవ్వడం మరిస్తే జీపీఎస్‌లో ఆ ఊరికి అప్రోచ్ ఒక్కటీ కనబడదు. ఒకే విమానాశ్రయానికి రెండు ఫైళ్ళుంటే ఒకదాని రన్‌వే, ఇంకోదాని లోకలైజర్ కలిసి మా వాడి గడ్డి మైదానం తయారవుతుంది. ఫైల్ పేరులో విమానాశ్రయం కోడ్ ఉండాలన్న నియమమేమీ లేదు కాబట్టి పేరుతో వెతికితే దొరక్కపోవచ్చు.

సగాలు చేయడం ఇక్కడే పనికొస్తుంది. వాడి దగ్గర నలభై చిల్లర యాడాన్‌లున్నాయి. ఒక్కొక్కటే తీసి చూడాలంటే నలభై సార్లు సిమ్యులేటర్ ఎక్కించాలి. సగం ఆపేసి చూడు. తప్పు పోయిందా, అది ఆపిన సగంలో ఉంది. పోలేదా, మిగిలిన సగంలో ఉంది. మళ్ళీ ఆ సగంలో సగం. మనకు కావలసిన శంషాబాద్‌ను మాత్రం ప్రతిసారీ ఉంచుకోవాలి. అరవై నాలుగున్నా ఆరు విడతల్లో ఒకటి మిగులుతుంది. కొత్త మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్లలో కమ్యూనిటీ ఫోల్డర్ నుంచి సగం బయట పెట్టినా ఇదే లెక్క. ఒంటిగంటకు దొరికింది. స్నేహితుడెవరో ఇచ్చిన భారత విమానాశ్రయాల మూటలో ఇంకో శంషాబాద్ కూర్చుని ఉంది. దాన్ని ఆపగానే సూదీ రన్‌వే కలిశాయి. వాడు అరిచిన అరుపుకు వదిన లేచొచ్చిందట.

ఎత్తు తేడాలదీ దాదాపు ఇదే కథ. ఎఫ్‌ఎస్‌ఎక్స్ విమానాశ్రయాన్ని ఒకే ఎత్తున్న బల్లలా పరుస్తుంది. శంషాబాద్ సముద్రమట్టానికి రెండువేల అడుగుల పైన ఉంటుంది. రెండు ఫైళ్ళు చెరో ఎత్తు చెబితే రన్‌వే గుంటలోకో గుట్టమీదికో వెళ్తుంది.

అయస్కాంత దిశ సంగతి మాత్రం నిదానంగా చెప్పాలి. మన తెలుగు ప్రాంతాల్లో దిక్సూచి చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా చాలా తక్కువ, అందువల్ల పుస్తకంలోని అయస్కాంత దిశ పాతబడిన తప్పు ఇక్కడే ఎగిరేవాళ్ళకు చాలా కాలం కంటపడదు. విదేశాలకు వెళ్ళగానే బయటపడుతుంది. రన్‌వే నంబరంటే దాని అయస్కాంత దిశను పదితో భాగించి, దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే వచ్చే అంకె. భూమి అయస్కాంత క్షేత్రం మెల్లగా జరుగుతూ ఉంటుంది కాబట్టి కాంక్రీటు కదలకపోయినా నంబరు మారుతుంది. లండన్ స్టాన్‌స్టెడ్‌లో 23 అన్నది 2009లో 22 అయింది. జెనీవాలో 2018లో అదే జరిగింది. పాత సిమ్యులేటర్ 23 అంటుంది, కొత్త ఎఫ్‌ఎంసీకి 22 తప్ప తెలియదు. రన్‌వే ఎత్తుకుపోయారని కొత్తవాళ్ళు కంగారు పడతారు. వీఓఆర్‌ల సంగతి ఇంకా సున్నితం. ఒక్కో స్టేషన్‌ను ఎప్పుడో ఒక ఏడాది ఉత్తరానికి సరిచేసి వదిలేస్తారు, ఆ ఏడాది లెక్కే దాని రేడియల్స్‌లో ఉండిపోతుంది. అందుకే మంచి నావిగేషన్ సమాచారంలో ప్రతి వీఓఆర్‌కూ దాని సొంత తేడా వేరుగా రాసి ఉంటుంది.

ఈ విద్యను ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే నేను ఎక్స్-ప్లేన్ అనే సిమ్యులేటర్ పేరు చెబుతాను. దాని పుస్తకాలు తాళం వేసి ఉండవు. earth_nav.dat అన్న ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరవొచ్చు. తలమీద వరుసలోనే ఏ సైకిలో రాసి ఉంటుంది. కింద ఒక్కో స్టేషన్‌కు ఒక్కో వరుస. 2తో మొదలైతే ఎన్‌డీబీ అనే బీకన్, 3 అయితే వీఓఆర్, 4 అయితే ఐఎల్‌ఎస్ లోకలైజర్, 6 అయితే దిగే వాలు చూపే గ్లైడ్‌స్లోప్. అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, ఫ్రీక్వెన్సీ, పేరు, రన్‌వే అన్నీ ఆ ఒక్క వరుసలోనే. కస్టమ్ డేటా ఫోల్డర్లో ఉన్నది అసలుదాన్ని పక్కకు నెడుతుందని గుర్తుంచుకుంటే చాలు. జెప్పెసన్ నోటుపుస్తకం ఇంకా మన చేతికి అందుతూనే ఉందనిపిస్తుంది నాకు, ఆ వరుసలు చూసినప్పుడల్లా.

ఆటకు ఇంత పట్టింపా అని మా అన్నయ్య ఒకసారి అడిగాడు. అప్పుడు కాలీ సంగతి చెప్పాను. 1995 డిసెంబర్ 20న మయామీ నుంచి కొలంబియాలోని కాలీకి వెళ్తున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 965 పైలట్లు రోజో అనే బీకన్ వైపు వెళ్ళడానికి ఎఫ్‌ఎంసీలో ఆర్ అని ఒక్క అక్షరం కొట్టారు. చార్టులో దాని గుర్తు ఆర్ అనే ఉంది. కంప్యూటర్ పుస్తకంలో మాత్రం ఆర్ అంటే బొగోటా దగ్గరి రోమియో. రోజో కావాలంటే పూర్తి పేరు కొట్టాలి. చీకట్లో విమానం ఎడమకు తిరిగి కొండల్లోకి వెళ్ళింది. 163 మందిలో 159 మంది పోయారు. రెండు పుస్తకాలు ఒకే మాటకు రెండర్థాలు చెప్పాయి, ఆ తొందరలో ఎవరూ సరిచూసుకోలేదు. ఎఫ్‌ఎంసీ గీసిన గీత మ్యాప్ మీద ఎటు పోతోందో చూశాకే బటన్ నొక్కడం మా వాడికి ఇప్పుడు అలవాటైంది. ఆ అలవాటు గదిలో వచ్చినా నిజమైనదే.

పాత తేదీని పారేయాల్సిందేనా అంటే, నేనైతే పారేయను. షికాగోలోని మెగ్స్ ఫీల్డ్‌లో మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ ఏళ్ళ తరబడి మొదటి ప్రయాణం మొదలుపెట్టేది. 2003 మార్చి 30 రాత్రి బుల్డోజర్లు ఆ రన్‌వేను ఇంటూ గుర్తులుగా తవ్వేశాయి. హాంకాంగ్ కైటాక్ 1998 జులైలో మూతపడింది. ఇవాళ వాటిలో దిగాలంటే ఆనాటి పుస్తకం ఎవరో ఒకరు దాచి ఉండాలి. మూడూ ఆనాటివే అయితే చాలు, తగవుండదు.

పోయిన ఆదివారం మా వాడు రెండో సెట్ ఒకటి తయారుచేసుకున్నాడు. సిమ్యులేటర్‌కు దాని 2006 సమాచారమే, కొత్త శంషాబాద్ ఆపేసి, ఎఫ్‌ఎంసీ లేని పాత చిన్న విమానం. తూర్పు నుంచి సికింద్రాబాద్ మీదుగా వస్తూ నాకు వీడియో కాల్ చేశాడు. బేగంపేట ఐఎల్‌ఎస్ తన పేరు చెబుతోంది, రన్‌వే 27 సూటిగా ఎదురుగా ఉంది, ఎడమ కిటికీలో హుస్సేన్ సాగర్. "మాట్లాడకు బాబాయ్, దిగుతున్నా" అన్నాడు.