మందుల ఫ్యాక్టరీ, మురుగు కాలువ

పాత ఫ్యాక్టరీ చూడబోయినవాళ్ల కళ్లు ముందు పొగగొట్టం మీద పడతాయి. నేను నీళ్లు ఎటు పోయేవో వెతుకుతాను. యంత్రాలు తుక్కు కింద అమ్ముడుపోతాయి, రిజిస్టర్లకు చెదలు పడతాయి, పల్లం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

హైదరాబాద్‌లో బాలానగర్ దాటి ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ ప్రహరీ పక్కన నడుస్తుంటే గోడ ఎంతకీ తరగదు. అవతల చెట్లు అడవిలా కమ్ముకున్నాయి. మందుల తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది. గోడ దూకి ఫొటోలు తీసుకొచ్చే కుర్రాళ్ల సరదా నాకు లేదు. మూతపడ్డ రసాయనాల ఫ్యాక్టరీలో ఏ పైపులో ఏం మిగిలి ఉందో ఎవరికి తెలుసు? బయట నిలబడి చదవగలిగిందే బోలెడుంది.

సంస్థ 1961లో పుట్టింది. సోవియట్ సాయంతో ఋషీకేశ్‌లో యాంటీబయాటిక్స్, మద్రాసులో సర్జరీ పరికరాలు, హైదరాబాద్‌లో సింథటిక్ డ్రగ్స్. మందుల ధరలు మరీ ఎక్కువగా ఉన్న దేశాల్లో మనదీ ఒకటని ఆ రోజుల్లో అమెరికా సెనేట్ కమిటీయే తేల్చింది. అంత పెద్ద గోడ ఎందుకు కట్టారో అక్కడ అర్థమవుతుంది.

అసలు కథ మాత్రం 1970 పేటెంట్ చట్టంతో మొదలైంది. 1972లో అమల్లోకి వచ్చిన ఆ చట్టం మందు మీద పేటెంటు ఇవ్వలేదు, తయారుచేసే పద్ధతి మీదే ఇచ్చింది. అప్పట్లో అదే మందును ఇంకో దారిలో తయారుచేస్తే అడిగేవాడు ఉండేవాడు కాదు. ఆ దారి పుస్తకాల్లో సగమే దొరుకుతుంది. ల్యాబులో ఫ్లాస్కులో బుద్ధిగా నడిచిన రియాక్షన్ వేల లీటర్ల రియాక్టర్‌లో మొండికేస్తుంది. వేడి బయటికి పోదు. స్ఫటికాలు మరీ సన్నగా వచ్చి సెంట్రిఫ్యూజ్ గుడ్డను మూసేస్తాయి. బ్యాచ్ పోతుందా, దక్కుతుందా అని నైట్ షిఫ్టులో గేజ్ ముందు నిలబడ్డ కెమిస్టుకు ఒంటబట్టే విద్య అది. కె. అంజిరెడ్డి ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చి, సొంతంగా మందులు చేయడం మొదలుపెట్టి, 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఆయన పేరు అందరికీ తెలుసు. పేరు తెలియని షిఫ్ట్ కెమిస్టులు, ఫిట్టర్లు, ఆపరేటర్లు కూడా ఆ విద్యను మోసుకుంటూ చుట్టుపక్కల చిన్న యూనిట్లలోకి వెళ్లారు.

1992లో ఐడీపీఎల్‌ను ఖాయిలా పరిశ్రమగా ప్రకటించారు. అందుకని అది దండగమారి ఫ్యాక్టరీ అని ఎవరైనా తేల్చేస్తే నాకు ఒళ్లు మండుతుంది. బ్యాలెన్స్ షీటులో మనుషులకు గడి లేదు, అంతే.

అలాగని దణ్ణం పెట్టి వచ్చేయలేను. కిలో మందు చేతికొచ్చేసరికి దానికి ఎన్నో రెట్లు సాల్వెంటు, ఉప్పునీళ్లు, స్ఫటికాలు తీసేశాక ఉండిపోయే మదర్ లిక్కర్ మిగులుతాయి. మందు తీయడం నేర్చుకున్నంత శ్రద్ధగా వాటిని వదిలించుకోవడం మనం నేర్చుకోలేదు. ఫ్యాక్టరీల మురుగు మీద పటాన్‌చెరు, నక్కవాగు ఒడ్డు ఊళ్ల గోడు 1990లోనే సుప్రీంకోర్టుకు చేరింది. పటాన్‌చెరు శుద్ధి ప్లాంటు వదులుతున్న నీళ్లను పరీక్షించి స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించిన ఫలితాల్లో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. పైగా అవి శుద్ధి చేశాక వదిలిన నీళ్లు!

హైదరాబాద్ మందుల పరిశ్రమ గురించి రాసేవాళ్లు వ్యవస్థాపకులను కలుస్తారు, రియాక్టర్ల పక్కన ఫొటోలు దిగుతారు. మురుగునీళ్లు చూసే ఎఫ్లుయెంట్ సెక్షన్‌లో వాల్వులు తిప్పినవాళ్లను ఎవరూ అడగరు. ఏ ట్యాంకు ఏ రాత్రి ఎటు వదిలారో చెప్పగలిగేది వాళ్లే. చింతల్‌లో, జీడిమెట్లలో రిటైరై ఉన్నవాళ్లు ఇప్పటికే పెద్దవాళ్లయిపోయారు. టేప్ రికార్డర్ పట్టుకుని ఈ వేసవిలోనే బయల్దేరాలి.