కన్యాశుల్కమున పేరు గలవారును, పేరు లేనివారును

గోదావరి యన్నచో నొక్క నది. నది యన్నచో నదులన్నియు. మొదటిది సంజ్ఞావాచకము, రెండవది జాతివాచకము. పతంజలి తన మహాభాష్యమున శబ్దములు ప్రవర్తించు తెఱగులను జాతి, గుణము, క్రియ, యదృచ్ఛ యని నాలుగుగా విభజించెను. యదృచ్ఛాశబ్దమనగా, అర్థముతో నిమిత్తము లేక, పెట్టువారి యిచ్ఛ ననుసరించి యొకరికి చెల్లు పేరు. ఈ భేదము బాలుర వ్యాకరణపాఠమునకు మాత్రమే చెందినదని పలువురు తలచుచున్నారు. మేమట్లు తలపము. ఒక మనుష్యుని పేరుతో పిలుచుటకును, జాతితో పిలుచుటకును నడుమ నా మనుష్యుని మర్యాద యంతయు నున్నది. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము దీనికి మంచి నిదర్శనము.

ఆంగ్లమున సంజ్ఞావాచకమునకు మొదట పెద్దయక్షరము వ్రాయుదురు. మన లిపి కట్టి గుర్తు లేదు. “రాజు వచ్చెను” అన్నచో ప్రభువు వచ్చెనో, రాజు అను పేరుగల పొరుగింటివాడు వచ్చెనో సందర్భమే చెప్పవలెను. పుట్టిన బిడ్డలు దక్కని యిండ్లలో పెంటయ్య, పుల్లయ్య యని పేళ్లు పెట్టుట మనవారెఱిగినదే. పెంటయు, పుల్లాకును జాతివాచకములే. పేరైన పిమ్మట నవి యా బిడ్డను దప్ప మఱి దేనిని చూపవు. దీనికి విపర్యయమును గలదు. దాతను కర్ణుడందుము, నిద్రపోతును కుంభకర్ణుడందుము, తగవులు పెట్టువానిని నారదుడందుము. “ఇద్దరు సీతారామయ్యలు” అన్నచో పేరొక్కటియైన యిద్దరు మనుష్యులు. “ఇద్దరు కుంభకర్ణులు” అన్నచో పేళ్లేవైనను గుణమొక్కటియైన యిద్దరు. సంజ్ఞ జాతిగా మాఱినదనుటకు నిదియే గుర్తు.

కన్యాశుల్కము 1892లో తొలుత ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, మిక్కిలి మార్పులతో 1909లో మరల వెలువడినది. అందలి కొన్ని పేళ్లు గుణమును వెంటనే చాటును. లుబ్ధావధానులు పేరున లోభమును, అగ్నిహోత్రావధానులు పేరున కోపమును, సౌజన్యారావు పంతులు పేరున మంచితనమును గలవు. ఇంతటితో నిలిచినచో నది గుణములకు కాళ్లుచేతులు తగిలించిన నాటకమై యుండును. కాని చిత్రమేమనగా, లోభిని లుబ్ధావధాని యనుటకంటె, మాటలతో పబ్బము గడుపుకొను వంచకుని గిరీశమనుటయే మనకు పరిపాటి. గిరీశమన శివుని పేరు. అందు వంచన సూచన లేశమును లేదు. పేరులోని యర్థమువలన గాక, ఆ మనిషిని కవి నిండుగా సృజించుటవలననే యా పేరు జాతికి చెల్లినది. ఒక్కని చక్కగా చూచినవాడే పదిమందిని చూపగలడు. జాతిని మాత్రమే చూచినవాడు ఒక్కనినైన చూపలేడు.

ఆ గిరీశము సంస్కరణమునుగూర్చి పలుకునపుడు జాతివాచకములే వాడును. వితంతువుల దుస్థితిపై నతడెంతయైన నుపన్యసింపగలడు; బుచ్చమ్మ యను నొక పిల్ల మేలు మాత్ర మాతని లెక్కలో లేదు. సౌజన్యారావు పంతులు సత్పురుషుడు, గిరీశమువలె వంచకుడు గాడు. అయినను నతడును ఒక జాతివాచకమునకు కట్టుపడినవాడే. వేశ్యను దరిచేరనీయరాదని యాతని నియమము. లుబ్ధావధానులను హత్యానేరమునుండి తప్పించుటకై పురుషవేషమున నాతని యింటికి వచ్చినది మధురవాణి. వేషము తొలగిన పిమ్మట నాతని నియమములో నున్నది వేశ్య. ఎదుట నున్నది మధురవాణి. మాట యొకటి, మనిషి యొకతె. ఈ రెండింటి నడుమ నాతడు పడిన సంకటమే నాటకమునకు ప్రాణమని మేమందుము. నియమములు జాతినిగూర్చి చేయబడును. న్యాయము వ్యక్తికి జరుగవలెను.

ఇంతటి కవి యొకచోట మనలను కలతపెట్టుచున్నాడు. గిరీశమునకు కూడు పెట్టి, యాతనివలన మోసపోయిన స్త్రీకి నాటకమంతట పూటకూళ్లమ్మ యనియే పేరు. ఆమెయు వితంతువే. బుచ్చమ్మకు, మీనాక్షికి పేళ్లున్నవి. ఈమెకు వృత్తియే పేరు. బైరాగికిని పేరు లేదుగదా యని యొకరనవచ్చును. బైరాగి తన పేరును తానే విడిచినవాడు. ఈమె విడువలేదు, ఎవ్వరు నడుగలేదు. దీనిని కవి లోపమని మేము తీర్పు చెప్పము. లోకమామె నెట్లు పిలిచెనో యట్లే వ్రాసెననుట న్యాయము. కాని మధురవాణిని జాతివాచకమునుండి విడిపించిన కలమే పూటకూళ్లమ్మ నందులో నుంచి పోయినదని పాఠకులు గమనింపవలెను. మధురవాణి మాటనేర్పు గలది, అందగత్తె, నవ్వింపగలది. ఇవి యేవియు లేని స్త్రీకి సహితము పేరుండవలదా?

ఈ ప్రశ్న నాటకశాలలో ముగియునది గాదు. వంటమనిషి, పనిమనిషి, పెద్దకోడలు, ఫలానావారి భార్య: మన యిండ్లలో నీ మాటలు నేటికిని పేళ్లకు బదులుగా చెల్లుచున్నవి. స్త్రీజనోద్ధరణమునుగూర్చి మనము సభలలో పలుకునది జాతివాచకమే. అది తప్పుగాదు, చట్టములకును, నిధులకును జాతివాచకమే కావలెను. కాని యేండ్ల తరబడి మనకు వండి పెట్టిన యామె పేరేమని యడిగినచో, ఆ యింటి యజమాని తడుముకొనరాదు.